రెండు రూపాయల వడ్డీకి ఒకటో తరగతి

ప్రశ్న: మాది తెనాలి. హార్డ్‌వేర్ షాపులో పని, జీతం 34,000, నెల ఖర్చు 26,000. బాబు మూడో తరగతికి, పాప ఒకటికి వస్తున్నారు. మా వీధి చివరే మున్సిపల్ బడి ఉంది కానీ, అక్కడ చదువేముంటుందని అందరూ అంటున్నారు. ప్రైవేటు స్కూల్లో ఇద్దరికీ 1,50,000 అడిగారు. బ్యాంకులో 18,000 ఉంది. తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. జూన్ వస్తోందంటే ఇలాంటి ఉత్తరాలు వరస కడతాయి, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. లక్షన్నరకు నెలకు 3,000 వడ్డీకే పోతుంది, అసలు కదలదు. కదిలేలోపు మళ్లీ జూన్, మళ్లీ లక్షన్నర. పాప పదో తరగతి దాటేసరికి ఇలాంటి జూన్‌లు పది.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చూసుకున్న అంకె 18,000. అది మీ ఇంటికి ఇరవై రోజుల బత్తెం. రేపట్నుంచి రావద్దని షాపు ఓనరు అంటే? డెంగీతో మీరు మంచాన పడితే? రెండో టర్ము ఫీజు కట్టలేదని పిల్లల్ని పరీక్ష రోజున బయట నిలబెట్టిన స్కూళ్లు నాకు తెలుసు. ఆరు నెలల ఖర్చు, అంటే 1,56,000, ముందు పక్కన పెట్టుకోవాలి. నెలకు 6,000 రికరింగ్ డిపాజిట్ వేస్తే, ఉన్న 18,000తో కలిపి రెండేళ్లలోపే అవుతుంది. మిగిలే 2,000లోంచి టర్మ్ పాలసీ, అంటే మీకేదైనా అయితే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా. తల్లికి వందనం 13,000 ఏ బడిలో చదివినా వస్తుంది. అర్హత ఉంటే అదీ ఈ నిధిలోకే.

ఇక బడి. ఆ ‘అందరి’లో దాని గేటు దాటినవాళ్లెందరు? ఒక ఉదయం మీరే వెళ్లండి. రంగులూ బల్లలూ చూసి మురిసిపోవద్దు, నాడు-నేడు పుణ్యమా అని అవి చాలా బళ్లకు వచ్చాయి. టీచర్లను లెక్కపెట్టండి. విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లుంటే చాలు. ఆ ఇద్దరే ఐదు తరగతులూ లాక్కురావాలి! తరగతికొకరు ఉంటే సగం దిగులు తీరినట్టే. తర్వాత హెడ్మాస్టారినడిగి, మూడో తరగతి పిల్లల చేత రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించండి. 52లోంచి 27 తీసేయమనండి. వెనక బల్లవాళ్లను పిలవండి, ముందు బల్లవాళ్లను ఎలాగూ మాస్టార్లే పంపిస్తారు. ఇదే పరీక్ష ఆ ప్రైవేటు స్కూల్లోనూ పెట్టనిస్తారేమో అడిగి చూడండి. పాప కోసం మరుగుదొడ్డి కూడా చూడండి: తాళం వేసి ఉందా, నీళ్లొస్తున్నాయా?

టీచర్లు చాలకపోతే ఇంకో సర్కారు బడి చూడండి. బంగారం తాకట్టు అంటారేమో, అదీ అప్పే. పాపకు ఒకటో తరగతే కాబట్టి, విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో ఇచ్చే 25 శాతం ఉచిత సీట్లకు అర్హత ఉండి, గడువు దాటకపోతే దరఖాస్తు పెట్టండి. అప్పిస్తానన్నాయనకు మాత్రం ఈలోగా ఫోన్ చేయకండి.