‘ఎవరికీ చెప్పనని మాటివ్వక్కా’ – బాలల రక్షణ శిక్షణపై పాఠకుల ప్రశ్నలు

బస్తీల్లో, కాలనీల్లో పిల్లలకు ఆటలు, చదువు, సంగీతం నేర్పే యువజన సంఘాలవాళ్లు ఈసారి ఎక్కువగా ఒకే విషయం గురించి రాశారు. జీతం తీసుకోకుండా పనిచేసే అన్నలకు, అక్కలకు పిల్లల భద్రతపై శిక్షణ ఎలా ఇవ్వాలన్నది వాళ్ల ప్రశ్న. కొన్ని ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

మా సంఘంలో 26 మంది వాలంటీర్లున్నారు. శిక్షణ పెట్టమని తల్లిదండ్రులు అడుగుతున్నారు. తెలిసిన లాయరుగారు ఒకరు వచ్చి రెండు గంటలు పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే చట్టం) గురించి చెబుతానన్నారు. అది చాలా?
– పాఠకురాలు, మల్కాజ్‌గిరి

చాలదు. లాయరుగారిని తప్పకుండా పిలవండి, కానీ ఆయనకు 20 నిమిషాలే ఇవ్వండి. రెండు గంటలు చట్టం విన్నా ఇల్లు చేరేసరికి సెక్షన్లు గుర్తుండవు. వచ్చే ఆదివారం ఒక పాప పక్కకు వచ్చి ‘అక్కా, ఒక మాట’ అంటే ఏం చేయాలో మీ వాలంటీరుకు అప్పటికప్పుడు తోచాలి. అలా తోచాలంటే ముందే సాధన చేసి ఉండాలి. మీ సమయంలో ఎక్కువ భాగం దానికే కేటాయించండి.

26 మందిని ఒకేసారి కూర్చోబెట్టకండి. 13 మంది చొప్పున రెండు జట్లు చేసి, ఒక్కో జట్టుకు మూడు గంటలు పెట్టండి. మొదటి 15 నిమిషాలు గది నియమాలకు, తర్వాత 30 నిమిషాలు హింస రూపాలకు, వాటి సూచనలకు. చట్టానికి 20, చాయ్‌కి 15. ఆ తర్వాత పూర్తి గంట అభినయ సాధన. ఇంకో 25 నిమిషాలు మీ సంఘానికి కావలసిన నియమాలు రాసుకోవడానికి, చివరి 15 నిమిషాలు పరీక్షకు. ఆలస్యమైతే అందరూ కోత పెట్టేది సాధనకే. మీరు చాయ్ తగ్గించండి, అవసరమైతే చట్టం తగ్గించండి, ఆ గంటను మాత్రం ముట్టుకోవద్దు.

గది నియమాల్లో ఒకటి అన్నిటికంటే ముఖ్యం. కూర్చున్న 13 మందిలో చిన్నప్పుడు ఇలాంటిది అనుభవించినవాళ్లు ఉండే అవకాశం ఎక్కువ. అందుకే మొదటి ఐదు నిమిషాల్లోనే, ‘ఎవరైనా ఎప్పుడైనా లేచి బయటికి వెళ్లవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు’ అని ప్రకటించండి. శిక్షకులు ఇద్దరుండాలి, వీలైతే ఒక మహిళ, ఒక పురుషుడు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు తలుపు దగ్గర కూర్చుని, బయటికి వెళ్లినవారిని ఒంటరిగా వదలకుండా చూసుకోవాలి. ‘మీకెప్పుడైనా జరిగిందా?’ అని ఎవరినీ అడగకూడదు. మీ బస్తీలో జరిగిన కేసును ఉదాహరణగా తీసుకోకూడదు. పేరు చెప్పకపోయినా పది నిమిషాల్లో అందరూ ఆ ఇంటిని గుర్తుపడతారు.

హింస అంటే లైంగిక దాడి ఒక్కటే అన్నట్టు చాలా శిక్షణలు సాగుతాయి. కొట్టడం, అవమానించడం, తిండీ వైద్యమూ అందకుండా వదిలేయడం కూడా ఇందులోకే వస్తాయి. సూచనలు చెప్పేటప్పుడు పెద్ద పట్టిక చదవకండి. ‘ఈ పిల్లవాడు మునుపటిలా లేడు’ అనిపించే మార్పును గమనించడం నేర్పండి. ఒక మనిషి వస్తున్నాడంటే దాక్కోవడం, ఎండాకాలంలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పకపోవడం, ఎవరిచ్చారో చెప్పలేని కొత్త ఫోను, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఇలాంటివి. సూచన కనిపించినంత మాత్రాన రుజువైనట్టు కాదు. తేదీ వేసి రాసుకుని, మీ సంఘంలో బాలల రక్షణ బాధ్యత ఉన్నవారికి ఇవ్వాలి.

ముక్కూ ముఖం తెలియనివాళ్ల గురించే హెచ్చరించి ఆగిపోకండి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో 53 శాతానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక హింసను ఎదుర్కొన్నామని చెప్పారు. పాల్పడినవారిలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లు, వాళ్లు నమ్మినవాళ్లు. అలాంటివాడు పిల్లలకంటే ముందు పెద్దల నమ్మకం సంపాదిస్తాడు. ‘ఇతను లేకపోతే మన క్లబ్బు నడవదు’ అనిపించుకుంటాడు. తర్వాత ఒక పిల్లను ప్రత్యేకంగా చూడటం, కానుకలు ఇవ్వడం, ‘ఇది మనిద్దరి మధ్యే’ అనడం, ఒంటరిగా దొరికే వేళలు కల్పించుకోవడం. ఈ వరస తెలిస్తే వాలంటీర్లు తొలి మెట్టులోనే అడ్డుకోగలరు.

సాధన చేయించడమంటే ఎలా? మా కుర్రాళ్లు సిగ్గుపడి నవ్వేస్తున్నారు.
– పాఠకుడు, ఓల్డ్ మలక్‌పేట

నవ్వు వస్తోందంటే సాధారణంగా కారణం, ఇచ్చిన సన్నివేశం మరీ పెద్దది కావడమే. పెద్దవాళ్లతో అత్యాచార బాధితురాలి పాత్ర వేయించకూడదు. చిన్న చీటీ ఒకటి చాలు: ‘సార్ నన్నొక్కడినే ఆగమంటాడు. నాకిష్టం లేదు.’ అంతకుమించి ఏం జరిగిందన్నది చీటీలో ఉండదు, నటించేవారు కల్పించకూడదు.

ముగ్గురేసి కూర్చోవాలి. ఒకరు పిల్లవాడు, ఒకరు వాలంటీరు, మూడోవారు పరిశీలకుడు. ఆరు నిమిషాలు మాట, నాలుగు నిమిషాలు చర్చ. పాత్రలు మార్చుకుంటూ మూడుసార్లు చేస్తే అరగంట. ఆ తర్వాత శిక్షకులిద్దరూ అందరి ముందు ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగ్గా చేసి చూపించాలి. జట్టులో 13 మంది ఉన్నారు కాబట్టి ఒక గుంపులో నలుగురవుతారు, అందులో ఇద్దరు పరిశీలకులు. పరిశీలకుడి పని ఒక్కటే: వాలంటీరు ఎన్ని ప్రశ్నలు అడిగారో గీతలు గీసి లెక్కపెట్టడం. మొదటిసారి పది దాటుతాయి. మూడోసారికి రెండు మూడుకు రావాలి.

నాలుగు మాటలు నోటికి రావాలి. ‘చెప్పి మంచి పని చేశావు.’ ‘నువ్వు చెప్పేది నమ్ముతున్నా.’ ‘ఇందులో నీ తప్పేం లేదు.’ ‘నిన్ను కాపాడేవాళ్లకు మాత్రం చెప్పాలి, ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తా.’ మీ బస్తీ పిల్లలు ఇంట్లో ఉర్దూ మాట్లాడితే ఉర్దూలోనూ సాధన చేయించండి. భయంలో ఉన్న పిల్ల ఇంటి భాషలోనే మాట్లాడుతుంది.

అందరూ తడబడేది నాలుగో మాట దగ్గరే. ‘ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి’ అని పిల్ల అడగగానే పెద్దవాళ్లు కరిగిపోయి ఒట్టేస్తారు. మరుసటి రోజు ఆ ఒట్టు తప్పక తప్పదు. అప్పటికే ఒక పెద్దమనిషి నమ్మించి మోసం చేసిన పిల్లకు ఇది రెండో మోసమవుతుంది. ఒట్టు వేయకండి.

‘ముందే ఎందుకు చెప్పలేదు?’, ‘నువ్వెందుకు వెళ్లావు అక్కడికి?’ అనేవి ప్రశ్నల్లా వినిపించినా పిల్లలకు నిందలే. ‘ఫలానా అంకులేనా? ఇక్కడ ముట్టుకున్నాడా?’ అని జవాబు మీరే అందిస్తే, రేపు కోర్టులో పిల్ల మాట బలం తగ్గుతుంది. ‘ఏమైంది?’, ‘ఇంకేమైనా చెప్పాలనుందా?’ ఈ రెండూ చాలు. పిల్ల ఇప్పుడు క్షేమంగా ఇంటికి వెళ్లగలదా, వెంటనే డాక్టరు అవసరమా అన్నది తేలితే మీ పని అయినట్టే. మిగతా విచారణ పోలీసులది.

వీలైనంత త్వరగా, ఆ రోజే, చేత్తో రాయండి. పిల్ల వాడిన మాటే రాయండి. ‘షేమ్ షేమ్’ అంటే అదే రాయాలి, శరీర శాస్త్రం పదం పెట్టకూడదు. తేదీ, సమయం, చోటు, మీరు అడిగిన ప్రశ్నలు, మీ సంతకం ఉండాలి. ఫోనులో వీడియో తీయకండి, ఫోటో తీయకండి, వాట్సాప్‌లో పంపకండి. పిల్ల గుర్తింపు తెలిసేలా ఏ మాధ్యమంలో పెట్టినా పోక్సో సెక్షన్ 23 కింద నేరం.

ఒకటి రెండు రోజుల్లో జరిగిన దాడి అని తెలిస్తే స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బట్టలు మార్చాల్సి వస్తే కాగితపు సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ చేరి ఆధారాలు పాడవుతాయి. ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటయినా ప్రథమ చికిత్స, వైద్యం ఉచితంగా అందించాలి. ఎఫ్ఐఆర్ తెమ్మని ఆపకూడదు.

మా అధ్యక్షుడు ‘రుజువు లేకుండా పోలీసుల దగ్గరికి పోతే సంఘం పరువు పోతుంది, ముందు ఆరోపణ వచ్చిన వాలంటీరును పిలిచి అడుగుదాం’ అంటున్నారు. శిక్షణలో ఈ వాదనకు ఏం చెప్పాలి?
– పాఠకుడు, సరూర్‌నగర్

చట్టం ఏమంటుందో సూటిగా చెప్పండి. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం ఉన్నా స్థానిక పోలీసులకో, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 అంటుంది. రుజువు తెమ్మని ఎక్కడా లేదు. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవారు చేసిన నేరాన్ని సంస్థ బాధ్యుడు దాచిపెడితే ఏడాది దాకా జైలు, జరిమానా. మీ అధ్యక్షుడికి వర్తించేది ఈ రెండోదే. సద్భావంతో చెప్పినవారి మీద కేసు పెట్టడానికి వీల్లేదని కూడా అదే సెక్షన్ 19లో ఉంది. ఆ మాట విన్నాక చాలామందికి సగం భయం పోతుంది.

అతన్ని ముందు పిలిచి అడిగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఫోనులో ఉన్నవి చెరిపేస్తాడు, పిల్లను బెదిరిస్తాడు, పెద్దమనుషుల్ని వెంటేసుకుని పిల్ల ఇంటికి రాజీకి వెళ్తాడు. ఇది పంచాయితీ పెట్టుకుని తీర్చుకునే విషయం కాదు. పోలీసులకు చెప్పినరోజు నుంచి అతన్ని క్లబ్బు బాధ్యతల నుంచి పక్కన పెట్టండి. కారణం సంఘమంతా తెలుసుకోనవసరం లేదు. తల్లిదండ్రులకు చెప్పాలి, ఒక్క సందర్భంలో తప్ప: పిల్ల ఎవరి పేరు చెప్పిందో ఆ మనిషి ఆ ఇంట్లోనే ఉంటే, ఎవరికి ఎప్పుడు చెప్పాలో పోలీసుల, బాలల సంక్షేమ సమితి (జిల్లాలో పిల్లల రక్షణ చూసే అధికారిక సమితి) సలహాతో నిర్ణయించాలి.

అత్యవసర నంబరు 112కు లేదా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయవచ్చు. 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది. పోలీసులు మీరిచ్చిన సమాచారాన్ని నమోదు చేసి నంబరు వేయాలి, చదివి వినిపించాలి, 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలపాలి. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో తనకు నచ్చిన చోటో, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. ఈ వివరాలు తెలిసిన వాలంటీరు తల్లి పక్కన నిలబడితే ఆమెకు కొండంత అండ. నాంపల్లిలో హాకా భవన్‌లోని భరోసా కేంద్రంలో పోలీసు, వైద్య, న్యాయ, కౌన్సెలింగ్ సాయం ఒకేచోట దొరుకుతుంది.

మన నగరంలో ఒక చిక్కు ఉంది. సరూర్‌నగర్ రంగారెడ్డి జిల్లా, మల్కాజ్‌గిరి, కూకట్‌పల్లి మేడ్చల్–మల్కాజ్‌గిరి జిల్లా, మలక్‌పేట హైదరాబాద్ జిల్లా. బాలల సంక్షేమ సమితి జిల్లాకొకటి. మీది ఏది, ఫోను ఎంత అన్నది శిక్షణకు ముందే కనుక్కుని గోడమీద రాసిపెట్టండి. స్టేషను మాత్రం ఏదైనా ఫర్వాలేదు. తమ పరిధి కాకపోయినా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే.

మా దగ్గర 17 ఏళ్ల ఇంటర్ అమ్మాయిలు, అబ్బాయిలు కూడా లీడర్లే. వాళ్లకూ ఇదే శిక్షణా?
– పాఠకురాలు, కూకట్‌పల్లి

శిక్షణ ఇవ్వండి, కానీ పర్యవేక్షించే పెద్దల లెక్కలో వాళ్లను కలపకండి. 18 నిండనివారు చట్టం దృష్టిలో పిల్లలే. వాళ్లకు కూడా రక్షణ కావాలి. పెద్ద వాలంటీర్లకు ఇక్కడ ఒక మాట మొహమాటం లేకుండా చెప్పండి. 20 ఏళ్ల లీడరుకూ 17 ఏళ్ల అమ్మాయికీ మధ్య ‘ఇష్టపడ్డాం’ అన్నది పోక్సో ముందు నిలవదు. 18 లోపు సమ్మతికి చట్టంలో విలువ లేదు.

అనంతగిరికి ఒక రాత్రి శిబిరం తీసుకెళ్తున్నాం. శిక్షణలో ఏం కలపాలి?
– పాఠకుడు, ఉప్పల్

పదిమంది పిల్లలకు ఒక పెద్ద, మొత్తం మీద ఎప్పుడూ ఇద్దరికి తక్కువ కాకుండా. అమ్మాయిలుంటే మహిళలు తప్పనిసరి. పెద్దలెవరూ పిల్లల గదిలో పడుకోకూడదు, పక్క గదిలో ఇద్దరుండాలి. రాత్రి పిల్లవాడికి కడుపునొప్పి వస్తే ఒక్కరే చూసుకోకుండా రెండోవారిని లేపాలి. బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, భోజనానికి ముందు, పడుకునే ముందు పేర్లు పిలిచి లెక్క చూడండి. తలలు లెక్కపెడితే సంఖ్య సరిపోయి మనిషి మారిపోవచ్చు. పిల్లలతో వాలంటీర్లు విడిగా మెసేజ్‌లు పెట్టుకోవద్దు, తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెట్టాలి.

వీటన్నిటికంటే ముందు పోలీసు వెరిఫికేషన్. పిల్లలతో తరచూ మెలిగే సంస్థలు సిబ్బంది పూర్వాపరాలు ఎప్పటికప్పుడు పరిశీలించాలని 2020 పోక్సో నియమాలు చెబుతున్నాయి. పాతవాళ్లను మినహాయించొద్దు. ‘పదేళ్లుగా ఉన్నా, నన్నే అనుమానిస్తారా?’ అని పెద్దలు నొచ్చుకుంటారు. అధ్యక్షుడి కాగితం మొదట పెడితే ఆ మాట రాదు.

శిక్షణ పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?
– పాఠకురాలు, మల్కాజ్‌గిరి

‘బాగుందా?’ అని అడిగితే అందరూ బాగుందనే అంటారు. చివరి 15 నిమిషాల్లో పుస్తకం మూయించి మూడు ప్రశ్నలివ్వండి: పిల్ల ఒట్టు అడిగితే ఏమంటారు? ఆ రోజే ఏం రాస్తారు? ఎవరికి ఫోను చేస్తారు? ఫోనులో 1098, 112, జిల్లా సమితి నంబర్లు సేవ్ అయ్యాయో అక్కడే చూడండి. మూడింటిలో ఒకటి తప్పినా పిల్లలతో పని మొదలుపెట్టే ముందు మళ్లీ కూర్చోబెట్టండి. ఆరు నెలలకు ఇంకోసారి 40 నిమిషాలు, కొత్త చీటీలతో, సాధన మాత్రమే.