పాత కిరాణా కొట్టు పద్దు పుస్తకాలు చదవడం ఎలా?

మధిర పక్కన, పాత కృష్ణా జిల్లా సరిహద్దు ఊళ్లో ఉన్న తమ తాతల నాటి కిరాణా కొట్టు చరిత్ర రాద్దామంటే అటక మీద పద్దు పుస్తకాలు దొరికాయి కానీ లెక్కలు అంతుపట్టడం లేదని ఒకరు అడిగారు. ఇలాంటి పుస్తకాలు చాలానే చదివాను కాబట్టి వారికి చెబుతున్నా.

ముందు చిట్టాలు, ఆవర్జాలు విడదీయండి. చిట్టాలో ఏ రోజు బేరం ఆ రోజు వరసగా ఉంటుంది. ఆవర్జాలో మనిషికో ఖాతా. చరిత్రకి పనికొచ్చేది ఎక్కువగా ఆవర్జాయే. ఎవరికి ఎంత అరువిచ్చారో, పంట చేతికొచ్చాక ఎలా తీర్చారో అందులోనే తెలుస్తుంది. జమ వైపు డబ్బుకి బదులు వడ్లు కనిపిస్తే కట్టిన ధర విడిగా రాసుకోండి. అదే నెలలో కొట్టువాళ్లు వడ్లు అమ్మిన ధర పక్కన పెడితే అసలు లాభం ఎక్కడుందో బయటపడుతుంది.

సంవత్సరం దగ్గర చాలామంది తడబడతారు. హేవిళంబి అంటే 1897-98 కావచ్చు, 1957-58 కావచ్చు, 2017-18 కావచ్చు; అణాలుంటే చివరిది కాదు. ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపండి. ఫసలీ 1350 అంటే 1940లో మొదలై 1941లో ముగిసేది. నిజాం వైపు (తెలంగాణ) అది అక్టోబరులో మొదలయ్యేది, మద్రాసు వైపు (ఆంధ్ర) జూలైలో. ‘న.పై.’ (నయాపైసలు) అని ఉంటే 1957 ఏప్రిల్‌కీ 1964 జూన్‌కీ మధ్యది. ఆ మార్పు రోజుల్లో అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19, పావలాకి 25 నయాపైసలు లెక్క. కూడికలో పైసా అటూ ఇటూ అయితే గుమాస్తా తప్పనుకోకండి.

అణాలు అంకెల్లో కాక గీతల్లో ఉంటాయి. నిలువు గీత పావలా (నాలుగణాలు), అడ్డ గీత అణా. మూడు నిలువు, రెండు అడ్డం అంటే పద్నాలుగు అణాలు. హడావుడిగా రాసిన ౧ సున్నాలా మూసుకుపోతుంది, అది మొత్తంతో సరిచూస్తే గానీ తేలదు.

అసలు చిక్కు తూకాల్లో. ఆంధ్ర వైపు కచ్చా సేరు 24 తులాలు, అంటే 280 గ్రాములు. అయిదు సేర్లు వీశె (1.4 కిలో), ఎనిమిది వీశెలు మణుగు. తెలంగాణ వైపు పక్కా సేరు 80 తులాలు, దాదాపు 933 గ్రాములు. మీది సరిహద్దు ఊరు, రెండూ కలిసే ఉంటాయి. ఒకటి ఇంకొకటనుకుంటే ధర మూడు రెట్లకు పైగా తప్పుతుంది. పుస్తకంలో వీశెలు కనిపిస్తే కచ్చా సేరే అనుకోవచ్చు. వీశె చింతపండు రూపాయి పావలా అని ఉంటే 1.25ని 1.4తో భాగించండి, కిలో 89 పైసలు. ధాన్యం కొలిచే మానిక, కుంచం మాత్రం ఊరూరికీ మారేవి. పాత కొలపాత్ర దొరికితే నీళ్లు పోసి కొలవడమే దారి. డబ్బు హాలీ సిక్కాలో (నిజాం రూపాయిల్లో) ఉంటే ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానం.

బాకీదార్ల పేర్లు అచ్చు వెయ్యకండి, వాళ్ల మనవలు అక్కడే ఉంటారు. అతుక్కుపోయిన కాగితాలు గోటితో లాగొద్దు. నీడలో, గాలి ఆడే చోట పుస్తకం నిలబెట్టి ఆరనివ్వండి. విడివడిన పేజీకి వెంటనే ఫోటో తీసి, పేజీ నంబరు ఫోటో పేరులోనే పెట్టుకోండి. పుస్తకాలకు లామినేషన్ చేయించొద్దు.