బ్లడ్ క్యాన్సర్ నుంచి బయటపడిన తమ్ముడు ఇల్లు కదలడం లేదు, ఆటలకు పంపొచ్చా?

మీ తమ్ముడికి 19 ఏళ్లు, ట్రీట్‌మెంట్ అయిపోయింది, రిపోర్టులు బాగున్నాయి. కానీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రోజంతా ఫోన్, దోస్తులు వస్తే గదిలోంచి రాడు, అమ్మ కదలనివ్వదు అని రాశారు. ఆటలకు పంపొచ్చా అంటే, డాక్టర్‌ను రెండు మూడు సంగతులు అడిగి తప్పకుండా పంపండి. మాది హనుమకొండ. మా మేనకోడలికి ఎనిమిదో తరగతిలో ఉండగా ఏఎల్ఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ తిరుగుతూ రెండేళ్లకు పైగా మందులు వాడింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

ముందు ఆ అలసట గురించి. అది పడుకుంటే పోయే అలసట కాదు. స్టెరాయిడ్లు, కీమో కలిసి కండ కరిగిస్తాయి, దానికి తోడు నెలల తరబడి మంచం. ఇంకా పడుకోబెడితే ఉన్న కాస్త సత్తువ కూడా పోతుంది. మా అమ్మ అయితే "పిల్లకు ఒంట్ల బలం లేదు, పండనియ్యరాదురా" అని నా మీద లేచేది. బలం కదిలితేనే వస్తుందని ఫిజియోథెరపిస్ట్ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాకే ఊరుకుంది. మీ అమ్మగారిని కూడా తర్వాతి చెకప్‌కు వెంట తీసుకెళ్లండి. మనం వందసార్లు చెప్పినా ఎక్కనిది డాక్టర్ ఒక్కసారి చెబితే ఎక్కుతుంది.

డాక్టర్‌ను అడగాల్సినవి ఇవి. డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్ లాంటి మందులు వాడి ఉంటే అవి కొందరిలో గుండె మీద ప్రభావం చూపిస్తాయి. ఎకో (గుండెకు చేసే స్కాన్) ఎప్పుడు తీశారు, మళ్లీ ఎప్పుడు తీయాలి, జిమ్‌లో బరువులు ఎత్తొచ్చా అని అడగండి. స్టెరాయిడ్ల వల్ల తుంటి ఎముకకు రక్తం సరిగా అందక దెబ్బతినే అవకాశం ఉంది. కాబట్టి తుంటిలోనో మోకాలిలోనో నొప్పి అంటే బద్ధకం అనుకోకుండా వెంటనే చూపించండి. ప్లేట్‌లెట్లు తక్కువుంటే, మందులెక్కించడానికి ఛాతీలో చర్మం కింద పెట్టిన పోర్ట్ ఇంకా తీయకపోతే, దెబ్బలు తగిలే ఆటలు వద్దు.

విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది గమనించరు. ఆ మందు కాళ్ల నరాలను బలహీనపరుస్తుంది. మా పిల్ల నడుస్తుంటే కుడి పాదం పైకి లేవక టపటపా నేలకు కొట్టుకునేది, చెప్పు జారిపోయి వెనకే ఉండిపోయేది. చూసేవాళ్లకు కాళ్లీడ్చుకుంటూ నడుస్తోంది అనిపించేది. దానికి ఫిజియోథెరపిస్ట్ చెప్పినవి మామూలు పనులే. నేల మీద చేతిరుమాలు వేసి కాలివేళ్లతో దగ్గరికి లాక్కోవడం, వరండాలో షాబాదు బండల గీత వెంట గోడ పట్టుకుని మడమల మీద నడవడం. నెలలు పట్టింది కానీ పాదం లేచింది. మీ తమ్ముడు తరచుగా తట్టుకుని పడబోతున్నాడా? ఆయాసం సంగతి సరే, ముందు ఆ పాదాలు చూడండి.

నడకకు మేం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు వెళ్లేవాళ్లం. మొదట్లో పది నిమిషాలు, అందులోనే ఒకసారి కూర్చోవడం. నడుస్తూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి, అదే లెక్క. మర్నాడు లేవలేకపోతే నిన్న ఎక్కువైందని అర్థం, తగ్గించాలి. 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం క్యాన్సర్ నుంచి కోలుకుంటున్న పెద్దవాళ్లకు ఇచ్చిన సలహా కూడా పెద్దదేం కాదు. వారానికి 3 సార్లు, 30 నిమిషాల చొప్పున నడక లాంటి వ్యాయామం చేస్తే అలసట, దిగులు రెండూ తగ్గుతాయన్నారు. కండకు పని చెప్పే వ్యాయామాలు కూడా వారానికి రెండుసార్లు కలపమన్నారు. ఆ 30 నిమిషాలకు చేరడానికే మీకు కొన్ని నెలలు పట్టొచ్చు, టెన్షన్ పడకండి.

అయితే నాతో నడిచినన్ని రోజులూ ఆమెది మొక్కుబడే. పక్కింటి క్లాస్‌మేట్ రావడం మొదలయ్యాకే మార్పు వచ్చింది. ఇద్దరూ ముందు నడిచేవాళ్లు, నేను వెనకాల ఫోన్ చూసుకుంటూ. మీ తమ్ముడికి కూడా అక్కలు, అమ్మలు సరిపోరు. నలుగురు దోస్తుల్ని ఒకేసారి ఇంటికి పిలవకండి, నోరు అదుపులో ఉండే ఒక్కణ్ని చూసి పిలవండి, క్యారమ్స్‌కు రమ్మనండి. క్రికెట్ పిచ్చి ఉందన్నారు కదా, ముందు స్కోర్ రాయనివ్వండి, తర్వాత అంపైరింగ్, తర్వాత టెన్నిస్ బంతితో రెండు ఓవర్లు. యువరాజ్ సింగ్ 2012లో కీమో చేయించుకుని ఆ సెప్టెంబర్‌లోనే న్యూజిలాండ్ మీద టీ20 ఆడాడు. చుట్టాలు ఇలాంటివి చెప్పి "నువ్వెందుకు లేవవు" అంటారు. అతని క్యాన్సర్ వేరు, వెనకున్న ట్రైనర్లు వేరు. ఆ పోలిక మీ ఇంట్లోకి రానివ్వకండి.

ఇల్లు కదలకపోవడానికి కాళ్ల కంటే జనం మాటలే పెద్ద కారణం కావచ్చు. "ఏమైంది బిడ్డా, జుట్టు గిట్లయింది?" అని వీధి మలుపులోనే ఎవరో ఒకరు అడుగుతారు. మా పిల్ల ఒక జవాబు కంఠతా పట్టింది: "జబ్బు చేసింది, తగ్గింది, ఇప్పుడు కాలేజీకి పోతున్న." అంతే, ఆగకుండా నడిచిపోయేది. బతుకమ్మ పండుగకు మొదట తంగేడు, గునుగు పూలు పేర్చడానికే కూర్చుంది. రెండ్రోజులకు తనే లేచి వలయంలో కలిసింది. వంగి చప్పట్లు కొట్టి అడుగేయడం, ఆమె కాళ్లకు అంతకంటే మంచి వ్యాయామం ఏముంటుంది? వేయిస్తంభాల గుడి దగ్గర జనం ఎక్కువని మా వాడలోనే ఆడించాం.

చెకప్‌కు వెళ్లినప్పుడు అక్కడ కూర్చున్న అదే వయసు పిల్లలతో నంబర్లు మార్చుకోమనండి. మనతో చెప్పనివి వాళ్లతో చెప్పుకుంటారు. ఒకవేళ వాడు తిండి, నిద్ర కూడా మానేస్తే, బతకడం ఎందుకన్న మాట అంటే, స్నేహితుల కోసం చూడకుండా వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

మీరుండేది వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఎక్కడైనా సరే, నాకు మెసేజ్ పెట్టండి. మా మేనకోడలిని అడిగాను, మీ తమ్ముడు ఒప్పుకుంటే ఫోన్‌లో మాట్లాడతానంది. ముందు వాణ్ని అడిగి చూడండి.