మీ బండి – మా జవాబు: బ్రేక్ ఆయిల్ ఎక్కడికి పోతోంది?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గరి పల్లె. కారు కొని తొమ్మిదేళ్లయింది. మొదట మలుపులు తిరిగేటప్పుడు మాత్రమే బ్రేకు హెచ్చరిక లైటు ఎర్రగా వెలిగి ఆరిపోయేది. ఇప్పుడు అసలు ఆరడం లేదు. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించే ఉంది. మెకానిక్ బ్రేక్ ఆయిల్ పోస్తే ఆరింది కానీ, పది రోజులకే మళ్లీ వెలిగింది. బ్రేకు మాత్రం బాగానే పడుతోంది. వచ్చే ఆదివారం నాన్నగారి మొక్కు తీర్చడానికి మేడారం వెళ్లాలి. ఒక ఆయిల్ సీసా వెంట పెట్టుకుని వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, నర్సంపేట మండలం

జవాబు: వద్దు. నాన్నగారిని బస్సులో తీసుకెళ్లండి, లేదా మరో బండి మాట్లాడుకోండి. మీ కారు ఈ వారం మెకానిక్ దగ్గరే ఉండాలి.

మలుపుల్లో లైటు వెలిగిందని రాసి మంచి పని చేశారు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఒక తేలే బిళ్ల ఉంటుంది. మట్టం తగ్గినప్పుడు బండి మలుపు తిరిగితే ఆయిల్ ఒక పక్కకు ఒరుగుతుంది, బిళ్ల కిందికి దిగుతుంది, లైటు వెలుగుతుంది. అంటే ఆయిల్ అప్పటికే తగ్గింది.

ఇంజిన్ ఆయిల్ కొంత కాలిపోవచ్చు. బ్రేక్ ఆయిల్ అలా ఖర్చయ్యేది కాదు. ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. కానీ ఆ తగ్గుదల వేల కిలోమీటర్ల మీద మెల్లగా కనిపించేది. పోసిన ఆయిల్ పది రోజుల్లో తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. అది ఎక్కడో చూడకుండా మళ్లీ పోయడం వైద్యం కాదు.

‘బ్రేకు బాగానే పడుతోంది’ అన్న మాట దగ్గరే నాకు భయం. డబ్బాలో కాస్త ఆయిల్ మిగిలినంతవరకు బాగానే పడుతుంది. గొట్టాల్లోకి గాలి చేరిన రోజున పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఇప్పటి కార్లలో బ్రేకు రెండు లైన్లుగా ఉంటుంది కాబట్టి ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది. అయితే ఆగడానికి పట్టే దూరం చాలా పెరుగుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని, డిక్కీలో నిలువెత్తు బంగారం మొక్కుకు మనిషి బరువంత బెల్లం నింపుకున్న బండికి ఆ దూరం ఇంకా ఎక్కువ. మేడారం వెళ్లే తాడ్వాయి అడవి దారిలో ఎదురుగా పశువులు వస్తే ఏమిటి దారి?

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కండి. గట్టిపడ్డాక అర నిమిషం అలాగే నొక్కి పట్టండి. కాలి కింద మెల్లగా దిగిపోతే బయట లీకైనా ఉంది, పెడల్ తొక్కగానే ఆయిల్‌ను గొట్టాల్లోకి తోసే మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్లైనా పోయాయి. దిగకపోయినంత మాత్రాన లీకు లేదనుకోకండి.

ఇక వెతకాల్సిన చోట్లు. తొమ్మిదేళ్ల బండికి నా మొదటి అనుమానం వెనుక చక్రాల బ్రేకు డ్రమ్ముల మీదే. వెనుక టైర్ల లోపలి వైపు తడి ఉందా చూడండి. పైకి పొడిగా ఉన్నా డ్రమ్ము విప్పించి, లోపల బ్రేక్ షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచును స్క్రూడ్రైవర్‌తో కాస్త పైకి లేపించండి. లోపల నల్లటి తడి కనిపిస్తే దొంగ దొరికినట్టే. సిలిండర్లు రెండు వైపులా మార్పించండి. ఆయిల్ తాగిన బ్రేక్ షూలను కొందరు పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగిస్తారు. ఒప్పుకోకండి. వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్లీ పైకి వస్తుంది, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతుంది.

అక్కడ పొడిగా ఉంటే మాస్టర్ సిలిండర్ వెనుక, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌కు అతుక్కున్న చోట చూడాలి. బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుంది కాబట్టి అక్కడ పెయింటు ఉబ్బినా, ఊడినా అదే గుర్తు. కొన్ని కార్లలో క్లచ్‌కు కూడా ఇదే డబ్బా నుంచి ఆయిల్ వెళ్తుంది. మీదీ అలాంటిదైతే క్లచ్ పెడల్ పైభాగంలో, గేర్ బాక్సు దగ్గర కూడా తడి వెతికించండి.

పని అయ్యాక కొత్త ఆయిల్ నింపి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించండి. కారు ఆయిల్ డబ్బా మూత మీద ఆయిల్ రకం డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి, అదే రకంలో సీలు విప్పని సీసానే కొనండి. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ చేరిన దానికి ఆ హద్దు 155 డిగ్రీలే. షాపు గూట్లో మూత వదులుగా ఉన్న సగం సీసా మీకు వద్దు.

ప్రశ్న: ఆయిల్ నిండుగా ఉంది, హ్యాండ్ బ్రేకు దించే ఉంది. అయినా ఎర్ర లైటు ఆరదు. ఒక్కోసారి పసుపు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) లైటు కూడా తోడవుతోంది.
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: ఎర్ర లైటు ఒక్కటే ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు లీవరును కాస్త కదిపి చూడండి. ఆరితే లీవరు కింది స్విచ్చులో దుమ్ము చేరి ఉంటుంది. ఆరకపోతే ఆయిల్ డబ్బాకు వచ్చే సాకెట్‌ను మెకానిక్‌తో ఒకసారి ఊడదీయించండి. అప్పుడు ఆరితే చాలా కార్లలో తేలే బిళ్లదే తప్పు. అది మార్చాలి కానీ సాకెట్ ఊడదీసి తిరగకూడదు.

రెండు లైట్లూ కలిసి వెలగడం వేరే సంగతి. ముందు, వెనుక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడు గట్టిగా బ్రేకు వేస్తే వెనుక చక్రాలు ముందే బిగుసుకుని బండి జారే ప్రమాదం ఉంది. బండి కంప్యూటర్‌లోని తప్పులను చదివే స్కానర్ పెట్టించి, ఏ చక్రం వేగం చూసే సెన్సార్ పేరు వస్తుందో చూడండి. సెన్సార్ కొనే ముందు దాని వైరును చివరిదాకా తడిమి చూడమనండి, ఎలుకలు కొరికిన వైర్లు చాలా చూశాను.