హోస్ పైపు కొసను ఎవరు బిగించారో, మీ కేసు అక్కడే ఉంది

ప్రశ్న: మాది విజయవాడ. నాకు టర్బో పెట్రోల్ కారు ఉంది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నడపాలన్న కోరికతో హైదరాబాదులోని ఒక వర్క్‌షాపులో ఇంజిన్ ఆయిల్‌ను చల్లబరిచే ఆయిల్ కూలర్, ఇంజిన్‌కు దూరంగా పైపులతో కలిపే రిమోట్ ఆయిల్ ఫిల్టర్ పెట్టించాను. సామాను నేనే ఆన్‌లైన్‌లో తెప్పించి ఇచ్చాను. పనికూలి రూ.22,000 యూపీఐలో పంపాను, బిల్లు ఇవ్వలేదు. రెండు నెలల తరువాత ట్రాక్ నుంచి తిరిగి వస్తుండగా ఒంగోలు దాటాక ఆయిల్ ప్రెషర్ ఎర్ర దీపం వెలిగింది. మూడు కిలోమీటర్ల దూరంలోని ఢాబా వరకు నడిపేసరికి ఇంజిన్ పట్టేసింది. చూస్తే కూలర్‌కు కలిపిన ఒక ఆయిల్ హోస్ పైపు ఊడిపోయి ఉంది. మరమ్మతుకు రూ.3,80,000 అవుతుందన్నారు. ఆ యజమానిని సొంత తమ్ముడిలా నమ్మాను. ‘చూద్దాం అన్నా’ అంటూ ఇరవై నెలలు తిప్పి ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు. కూలర్ తీసేసి కారుతో వచ్చిన పాత ఫిల్టర్ బిగించి, కింద రాయి తగిలిందని బీమా క్లెయిమ్ చేయమని మిత్రులు అంటున్నారు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీరు పంపిన నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు అతను చేసిన నమ్మకద్రోహం గురించే ఉన్నాయి, కాని ఆ మూడు పేజీలలో వినియోగదారుల కమిషన్ ముందు పనికివచ్చే వాక్యం నాకు ఒక్కటీ కనిపించలేదు. మీ కేసును నిర్ణయించేవి మీరు చివర జతచేసిన ఒక ఫొటో, ఒక వాట్సాప్ సందేశం.

ఫొటోలో కూలర్‌కు బిగించిన ఫిట్టింగ్ తన చోట గట్టిగానే ఉంది, మరలు చెడలేదు, పైపు మాత్రమే దాని కొసను పట్టి ఉంచే సాకెట్‌లోంచి జారి బయటికి వచ్చింది. దాని కొస తిన్నగా కాక ఏటవాలుగా తెగి ఉంది, పైన అల్లిన స్టీలు తీగలు విడిపోయి కొన్ని లోపలికి మడత పడ్డాయి. ఈ రకం పైపును కోసేటప్పుడు తీగలు విచ్చుకోకుండా టేపు చుట్టి, అడ్డంగా సమంగా కోసి, సాకెట్ లోపలి అంచును తాకేదాకా నెట్టి, బిగించేటప్పుడు వెనక్కి జారితే తెలిసేలా అంచు దగ్గర గుర్తు పెట్టుకోవడం పని తెలిసినవారు చేసే పద్ధతి. మీ ఫొటోలో ఆ గుర్తు కనబడటం లేదు. పైపు మధ్యలో పగిలి ఉంటే ‘సామాను మీరు తెచ్చిందే, అది నాసిరకం’ అన్న వారి వాదన నిలిచేది, అప్పుడు మీరు ఆ పైపు అమ్మినవారి మీద వెళ్ళవలసి వచ్చేది. కొస దగ్గర ఊడింది కాబట్టి ప్రశ్న మారింది: ఆ కొసను కోసి బిగించింది ఎవరు? దానికి జవాబు వర్క్‌షాపువారి సందేశంలోనే ఉంది: ‘అన్నా, పైపులు కొలత చూసి నేనే కోసి బిగించా, ట్రాక్‌కు రెడీ, సాయంత్రం రండి.’ పని ఎవరు చేశారో, ఏ అవసరానికి చేశారో రెండూ ఆ ఒక్క వాక్యంలో ఉండగా మీరు దాన్ని ఉత్తరంలో ప్రస్తావించనేలేదు.

సేవాలోపాన్ని నిరూపించే భారం ఫిర్యాదుదారుడిదేనని ఎస్‌జీఎస్ ఇండియా, డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది. అందువల్ల ఆ సందేశం ఉన్న ఫోనును మార్చకండి, అమ్మకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియమం, 2023 లోని సెక్షన్ 63 ప్రకారం రెండు భాగాల ధ్రువపత్రం జతచేయండి, అందులో రెండో భాగం నిపుణుడు ఇవ్వవలసినది. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్య నియమాలు అంత కఠినంగా వర్తించవు కదా అని కొందరు దీన్ని వదిలేస్తారు, అవతలి పక్షం ఆ సందేశం తనది కాదన్నప్పుడు ఇబ్బంది పడతారు.

ఇప్పుడు మందలించక తప్పని మాట. వర్క్‌షాపువారికి కబురు చేయకుండా మరో మెకానిక్ చేత ఇంజిన్ విప్పించారు, పాత ఆయిల్, ఫిల్టర్ పారేయనిచ్చారు. ఫిల్టర్‌ను కోసి చూస్తే బేరింగ్ లోహపు పొడి కనిపించి ఉండేది, నష్టం ఏ వరుసలో జరిగిందో చెప్పగల వస్తువు అది. ఎర్ర దీపం వెలిగాక మూడు కిలోమీటర్లు నడపడం అంతకంటే పెద్ద పొరపాటు, ఆ దీపం వెలిగిన చోటే ఇంజిన్ ఆపాలి. నష్టంలో కొంత భాగం మీదేనని వారు తప్పక వాదిస్తారు, పరిహారం ఆ మేరకు తగ్గే అవకాశమూ ఉంది. అయినా ఆ విషయాన్ని ఫిర్యాదులో మీరే రాయండి. మీరు దాచిన సంగతిని కారు కంప్యూటర్‌లోని రికార్డు నుంచి వారు బయటికి తీస్తే, మీరు చెప్పిన మిగతా నిజాలను కూడా అనుమానిస్తారు.

మిత్రుల సలహాను ఈ క్షణమే వదిలేయండి. తగలని రాయి తగిలిందని చెప్పి బీమా సొమ్ము తీసుకోవడం మోసం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం. పైగా కూలర్ విప్పి పాత ఫిల్టర్ బిగించిన రోజున, వర్క్‌షాపు మీద మీకున్న ముఖ్యమైన సాక్ష్యాన్ని మీ చేతులతోనే చెరిపేసినట్లవుతుంది. బీమా కంపెనీకి ఒక కథ, కమిషన్‌కు మరో కథ ప్రమాణ పత్రం మీద చెప్పిన మనిషిని ఎవరూ నమ్మరు.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్యకారణం (దావాకు కారణమైన సంఘటన) ఏర్పడిన రెండేళ్లలోగా ఫిర్యాదు వేయాలి. ఇంజిన్ పట్టేసిన రోజు నుంచి లెక్కిస్తే మీకు నాలుగు నెలలు ఉన్నాయి. లోపభూయిష్టమైన పని జరిగిన రోజు నుంచే లెక్కించాలని వర్క్‌షాపువారు వాదిస్తారు, అలా చూస్తే మిగిలింది రెండు నెలలే. ఆ రెండు నెలలే ఉన్నాయనుకుని నడవండి. ‘చూద్దాం’ అన్న మాటలు గడువును పెంచవు, లాయరు నోటీసూ పెంచదు. కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ కేసులో పొగాకు గోదాము తగలబడింది 1988 మార్చిలో, బీమా కంపెనీ మీద ఫిర్యాదు వేసింది 1997లో. నోటీసుకు ఆ కంపెనీ 1996లో ఇచ్చిన జవాబు నుంచి గడువు లెక్కించాలన్న వాదనను సుప్రీంకోర్టు 2009లో తోసిపుచ్చింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, తగిన కారణం చూపాలి. యజమాని తమ్ముడిలాంటివాడు కాబట్టి ఆగానన్నది ఆ కారణం కాబోదు.

హైదరాబాదు వెళ్ళవలసిన పని లేదు. అదే చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే చోటే, అంటే విజయవాడలోని జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ వేదిక ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. కమిషన్ స్థాయిని నిర్ణయించేది మీరు అడిగే పరిహారం కాదు, చెల్లించిన ప్రతిఫలం, అంటే పనికి మీరిచ్చిన సొమ్ము. అది రూ.5 లక్షలు దాటనందున రుసుము లేదు. బిల్లు లేకపోయినా యూపీఐ చెల్లింపు నమోదున్న బ్యాంకు స్టేట్‌మెంట్ మీరు వినియోగదారుడన్న సంగతిని చూపుతుంది. మార్పు చేయించిన కారు కాబట్టి వాహనంలో మార్పులను కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52ను వారు ఎత్తవచ్చు, కాని ఆ సెక్షన్‌లో మార్పు అంటే వాహనపు మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణ మార్పు. ఆయిల్ కూలర్ ఆ కోవలోకి రాదని నా అభిప్రాయం.

ఈ వారంలోనే ఊడిన పైపును, ఫిట్టింగ్‌ను కడగకుండా, తుడవకుండా విడి సంచుల్లో పెట్టి సీలు వేయండి. విప్పిన క్రాంక్ షాఫ్టును, బేరింగులను ఆ మెకానిక్ పాత ఇనుముకు వేయకముందే తెచ్చుకుని, ఎప్పుడు, ఏ స్థితిలో విప్పాడో అతని చేత ప్రమాణ పత్రం రాయించుకోండి. తరువాత వర్క్‌షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, ఫలానా తేదీన స్వతంత్ర ఆటోమొబైల్ ఇంజనీరు ఈ భాగాలను పరీక్షిస్తారని, వచ్చి చూసుకోవచ్చని పదిహేను రోజుల గడువు ఇవ్వండి. వారు వచ్చినా రాకపోయినా పరీక్షను మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయించండి. ఇంజనీరు నివేదికలో పైపు నాణ్యతను ఒక పేరాలో, కొసను బిగించిన తీరును మరో పేరాలో విడిగా రాయమని అడగండి. నివేదిక ఆలస్యమైతే దాని కోసం ఫిర్యాదును ఆపకండి, ముందు దాఖలు చేసి, నివేదికను తరువాత సమర్పించడానికి అనుమతి కోరండి.