మొదటి డైవ్ కంప్యూటర్‌గా క్రెస్సి లియోనార్డో మేలా, షియర్‌వాటర్ పెరెగ్రిన్ మేలా?

స్కూబా డైవర్ చేతికి కట్టుకునే ఈ రెండు పరికరాలూ లోతును, గడిచిన సమయాన్ని కొలిచి, శరీర కణజాలంలో కరిగే నత్రజనిని అంచనా వేసి, ఆ లోతులో ఇంకా ఎన్ని నిమిషాలు ఉండవచ్చో చూపుతాయి. నైట్రాక్స్‌కూ (గాలిలో కన్నా ఆక్సిజన్ ఎక్కువగా ఉండే శ్వాస మిశ్రమం) రెండూ పనికివస్తాయి.

అసలు తేడా వాడుకలో ఉంది. లియోనార్డోకు ఒకే మీట ఉండటం వల్ల నేర్చుకోవడం తేలికే గాని, అమర్చవలసిన అంశాన్ని ఒకసారి దాటిపోతే మళ్లీ వరుసంతా తిరిగి రావాలి. పెరెగ్రిన్‌కు రెండు మీటలు, 2.2 అంగుళాల రంగుల తెర ఉన్నాయి. మసక నీటిలో, ముఖ్యంగా చత్వారం వచ్చినవారికి, ఆ పెద్ద అంకెలే గొప్ప భద్రత అని నా దృఢమైన అభిప్రాయం.

లెక్కింపు పద్ధతీ వేరు: లియోనార్డో శరీరంలోని సూక్ష్మ బుడగలనూ లెక్కలోకి తీసుకునే ఆర్‌జీబీఎం నమూనాను అనుసరిస్తే, పెరెగ్రిన్ కరిగిన నత్రజనిని లెక్కించే బ్యూల్‌మన్ జెడ్‌హెచ్‌ఎల్-16సీ నమూనాను గ్రేడియెంట్ ఫ్యాక్టర్లతో (నత్రజని పరిమితికి ఎంత దగ్గరగా వెళ్లవచ్చో నిర్ణయించే శాతాలతో) వాడుతుంది. కనుక ఒకే డైవ్‌లో జతగా దిగిన ఇద్దరి కంప్యూటర్లు వేర్వేరు నిమిషాలు చూపితే, తక్కువ చూపినదానినే ఇద్దరూ పాటించాలి.

లియోనార్డో బ్యాటరీని మనమే మార్చుకోవచ్చు, పెరెగ్రిన్‌ను ఛార్జ్ చేయాలి. ఏడాదికి నాలుగైదు డైవ్‌లే చేసేవారికి, ధర తక్కువైన లియోనార్డో చాలు.