వర్ణాన్ని మొదటి నుంచి అందుకోవద్దు

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న ఫోనులో నువ్వు వీణ మీద వాయించిన మోహన రాగ వర్ణం విన్నాను. రోజూ గంట సాధన చేస్తున్నా రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, పట్టుబడడం లేదని బాధపడ్డావు. నీ కష్టంలో లోపం లేదమ్మా. చిట్టస్వరంలో, ఆ స్వరాల వరుసలో, ఒకచోట తడబడ్డావు, ఆగావు, మళ్ళీ మొదట్లోని పల్లవి ఎత్తుకున్నావు. మూడుసార్లూ అంతే. నీ గంటలో ముప్పావు వంతు నీకు వచ్చిన భాగానికే ఖర్చవుతోంది.

రేపటి నుంచి శ్రుతి చేసుకోగానే ఆ తడబడే చోటే పట్టుకో. దానికి ముందు నాలుగు స్వరాలు, తర్వాత నాలుగు కలుపుకో, చాలు. ముందు తాళం వేస్తూ నోటితో పాడు. గొంతులో స్పష్టంగా లేని స్వరం వేలికి రాదు. తర్వాత మొదటి కాలం కన్నా నెమ్మదిగా వాయించు, ఏ స్వరానికి ఏ వేలు పడుతోందో చూసుకుంటూ. వరుసగా ఐదుసార్లు తప్పు లేకుండా వచ్చాకే వేగం పెంచు.

వేళ్ళ గురించి ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. చిన్నప్పుడు నాకు మధ్యవేలు పడవలసిన చోటికి చూపుడు వేలితోనే జారిపోయే అలవాటు ఉండేది. నెమ్మదిగా వాయిస్తే తేడా తెలియలేదు. మూడో కాలానికి వచ్చేసరికి చెయ్యి కదలలేదు. ఏడాది పాటు సాధన చేసిన తప్పును వదిలించుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళు నీకు మిగలాలని నా ఆశ.

గమకాలకు, అంటే స్వరాన్ని ఊపి, జార్చి పలికించడానికి, ఒక ఉపాయం చెబుతాను. ముందు గాంధారం (గ) పలికే మెట్టు మీద మీటి, ఆ నాదం చెవిలో నిలుపుకో. తర్వాత రిషభం (రి) మెట్టు మీద మీటి, తీగను లాగి ఆ గాంధారాన్ని అందుకో. కొద్దిగా తక్కువైనా చెవికి తెలిసిపోతుంది. చిట్టిబాబు గారు వీణ మీద కోయిల కూత పలికించేవారు. అంతటి పని చేసేది తీగ లాగే వేలే, కానీ ఎక్కడ ఆగాలో చెప్పేది చెవి.

నీది బొబ్బిలి వీణ, ఒకే పనస మొద్దులో తొలిచినది. కిటికీ ఎండలో పెట్టకు. మెట్లను నిలిపే మైనం మెత్తబడి అవి కదులుతాయి. అనుమానం వస్తే సారణిని, అంటే రాగం పలికించే ప్రధాన తీగను, ఏ మెట్టూ నొక్కకుండా మీటి, ఆపైన పన్నెండో మెట్టు మీద మీటు. పై షడ్జం (పై స) సరిగ్గా పలకాలి. పలకకపోతే తప్పు నీ వేలిది కాదు, మీ గురువుగారికి చూపించు.

గంటను పొద్దున అరగంట, సాయంత్రం అరగంటగా విడదీసుకో. ఆదివారం మూడు గంటలు కూర్చుని వారమంతా మానేస్తే వేళ్ళు మరిచిపోతాయి. కొబ్బరినూనె డబ్బా పక్కనే ఉంచుకుని వేళ్ళకు కొద్దిగా రాసుకో, తీగ మీద హాయిగా జారతాయి. వేలి కొస మండుతుంటే మాత్రం ఆ పూటకు ఆపేసి, పాడుకుంటూ కూర్చో. అదీ సాధనే.

వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు వర్ణమంతా వద్దు. ఆ కొద్ది స్వరాలే వినిపించు.

మీ అత్తయ్య